పాలపిట్టని కాల్చుకోమన్నాడా ఆ లాయరు?

ప్రశ్న: మాస్టారూ, నేను విశాఖపట్నంలో డిగ్రీ రెండో సంవత్సరం, ఇంగ్లిష్ లిటరేచర్. వచ్చే వారం సెమినార్ పేపర్ చదవాలి. ‘టు కిల్ ఎ మాకింగ్ బర్డ్’ నవలలో జంతువుల ప్రతీకలు, అమాయకత్వం అనేది టాపిక్. గైడ్ చూసి ఒక పట్టికలా రాసుకున్నాను. మాకింగ్ బర్డ్ అంటే అమాయకత్వం, పిచ్చికుక్క అంటే జాతి విద్వేషం, ఇలాగ. మాకింగ్ బర్డ్ అనే అమెరికా పాటల పిట్ట మనకు తెలీదు కదా అని ‘మన కోయిల లాంటిది’ అన్నాను. మేడమ్ కోయిల పక్కన ఎర్ర ఇంకుతో ప్రశ్నార్థకం పెట్టి, అడుగున ‘అయితే ఏంటి?’ అని రాసి ఇచ్చేశారు. ఇంట్లో తాతయ్యకి కథ చెబితే ఇంకో చిక్కు వచ్చింది. ‘బ్లూ జే అంటే పాలపిట్టే కదే! దసరాకి చూస్తే పుణ్యం అనే పిట్టని కాల్చుకోమన్నాడా ఆ లాయరు? వాడేం మంచివాడు!’ అన్నారు. నాకు నోట మాట రాలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టను?
— ఒక విద్యార్థిని, సీతమ్మధార

సమాధానం:

అమ్మా, టెన్షన్ పక్కన పెట్టు. నీ పేపర్‌కి మొదటి వాక్యం మీ తాతయ్యగారు ఇచ్చేశారు, నువ్వు గమనించలేదు అంతే. గైడ్ రాసినాయనకి తట్టని ప్రశ్న అది.

ముందు పేరు చిక్కు విప్పుదాం. తాతయ్యగారు గాల్లోంచి తెచ్చిన మాటేం కాదు. ఇంగ్లిష్ దొరలు మన పాలపిట్టని ‘బ్లూ జే’ అని పిలిచేవారు. పాత తరం చదువరుల నోట ఇప్పటికీ ఆ పేరే వస్తుంది. అమెరికా బ్లూ జే వేరు. అది కాకి కుటుంబం. నీలం వీపు, నెత్తిన జుట్టు, చెవులు చిల్లులు పడే అరుపు. మన పాలపిట్ట లకుముకి పిట్టకి చుట్టం. కాబట్టి యాటికస్ ఫించ్ పాలపిట్ట జోలికి రాలేదు. ఆ మాట ఇవాళ రాత్రే చెప్పేయి, పెద్దాయన హాయిగా నిద్రపోతారు. కానీ ఆయన అడిగింది అంతటితో చల్లారేది కాదు. కాకికి చుట్టమైతే మాత్రం ఎందుకు కాల్చాలి?

నవల చదవని పాఠకుల కోసం రెండు ముక్కలు. హార్పర్ లీ రాసిన ఈ నవల 1960లో వచ్చింది, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి అందుకుంది. (ఆవిడ పుట్టింది 1926లో, మన ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టిన ఏడాదే. ఇది పేపర్‌లో పెట్టకు, ఊరికే చెబుతున్నాను.) కథ జరిగేది అలబామా రాష్ట్రంలో మేకోంబ్ అనే కల్పిత పట్టణంలో, 1930లలో. లాయరు యాటికస్, కొడుకు జెమ్, కూతురు స్కౌట్. కథ చెప్పేది స్కౌట్. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి యువకుడు మేయెల్లా యూయెల్ అనే తెల్లమ్మాయిని బలాత్కరించాడని అబద్ధపు కేసు పెడతారు. అతని తరఫున యాటికస్ వాదిస్తాడు. అదే వీధిలో, ఏళ్ల తరబడి గడప దాటని బూ రాడ్లీ అనే మనిషి ఉంటాడు. ఊళ్లో పిల్లలకి అతనొక దయ్యం.

ఇప్పుడు పదో అధ్యాయం తియ్యి. యాటికస్ పిల్లలకి ఎయిర్ గన్‌లు ఇచ్చాడు, కాల్చడం నేర్పడానికి మాత్రం ఒప్పుకోలేదు. పెరట్లో డబ్బాలు కాల్చుకుంటే నాకిష్టం, కానీ మీరు పిట్టల వెంటే పడతారని తెలుసు అంటాడు. (ఆర్కే బీచ్‌లో బెలూన్లు కాల్చే బండి దగ్గర నిలబడ్డ పిల్లాడి చూపు కూడా కాసేపటికి కరెంటు తీగ మీదకే పోతుంది.) బ్లూ జేలని తగిలినన్ని కాల్చుకోండి, మాకింగ్ బర్డ్‌ని చంపడం మాత్రం పాపం అంటాడు. నాన్న నోట ‘పాపం’ అన్న మాట వినడం అదొక్కసారే అంటుంది స్కౌట్. ఎందుకు పాపమో ఎదురింటి మిస్ మాడీ చెబుతుంది. ఆ పిట్ట తోటలు పాడుచెయ్యదు, గాదెల్లో గూళ్లు పెట్టదు, మనకోసం గుండె విప్పి పాడుతుంది, అంతే.

ఆవిడ వేసిన లెక్క చూశావా? మనకి హాని లేదు, పైగా చెవికి ఇంపు, కాబట్టి బతకనివ్వాలి. లెక్కంతా తుపాకీ ఉన్న మనిషి వైపు నుంచే. 2018లో పాలపిట్టని దింపి రామచిలుకని మన రాష్ట్ర పక్షిని చేశారు కదా, మిస్ మాడీ అయితే సంతకం పెట్టేది కాదు. చిలకలు జామతోట మీద పడితే ఏమవుతుందో పెంచేవాళ్లని అడుగు.

ఇక కోయిల. మీ మేడమ్ ప్రశ్నార్థకం పెట్టి మంచిపని చేశారు. కోయిల కాకి గూట్లో గుడ్లు పెట్టి చక్కా పోతుంది, నానా అగచాట్లూ పడి పెంచేది కాకి. మన కవులు ఆ గొంతుకి మురిసిపోయి ఈ సంగతి పెద్దగా పట్టించుకోలేదు గానీ, మిస్ మాడీ పరీక్షలో కోయిల పాసవదు. పోనీ నిజం మాకింగ్ బర్డ్ అయినా పాసవుతుందా అంటే, అదీ అనుమానమే. అది పళ్లు తింటుంది. గూడు దగ్గరికి వస్తే పిల్లినీ, కుక్కనీ, మనిషినీ కూడా పైనుంచి దూకి తరిమేస్తుంది. ఈ రెండో సంగతి మనసులో పెట్టుకో, తర్వాత పని ఉంది. అసలు ఏ తెలుగు పిట్ట పేరూ తగిలించకు. మాకింగ్ బర్డ్ అనే రాయి.

నీ పేపర్ ఇంగ్లిష్‌లో ఉంటుంది, ఆలోచించేది మాత్రం తెలుగులో కదా. నీకున్న లాభం అదే. ఇంగ్లిష్‌లో ఇన్నొసెన్స్ ఒకటే మాట, మనకి మూడున్నాయి. అభం శుభం తెలియని పిల్లలది పసితనం. మాయామర్మం తెలియనివాడు అమాయకుడు. తప్పు చెయ్యనివాడు నిర్దోషి. పసితనం వయసుతో పాటు పోతుంది. అమాయకుడు అని సాటివాళ్లు జాలిపడి అంటారు, అందులో కాస్త చిన్నచూపు కూడా కలిసి ఉంటుంది. నిర్దోషి అని కోర్టు ప్రకటించాలి, దానికి ఎవరి జాలీ అక్కర్లేదు. నువ్వు పేపరంతా ఒక్క అమాయకత్వాన్ని పట్టుకుని ఈదావు. అందుకే ‘అయితే ఏంటి?’ అంటే జవాబు దొరకలేదు. ఒక్కో జంతువు దగ్గర ఆగి, ఇక్కడ ఈ మూడింట్లో ఏ మాట సరిపోతుంది అని అడిగి చూడు.

పిచ్చికుక్క దగ్గర అడుగుదాం. నేను పాఠాలు చెప్పే రోజుల్లో బోర్డు మీద నీ పట్టికే రాశాను. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి ‘కుక్క చేసిన తప్పేంటి మాస్టారూ?’ అన్నాడు. సిలబస్‌లో లేనివి అడక్కు అని కూర్చోబెట్టాను. చాలా ఏళ్ల తర్వాత ఆ అధ్యాయం మళ్లీ చదువుతుంటే ఆ కుర్రాడు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ కుక్క పేరు టిమ్ జాన్సన్. యజమాని ఇంటిపేరుతో సహా పిలుస్తారు, ఊరందరికీ ముద్దు. దానికి రేబిస్ సోకింది. పిల్లలు ఊహించుకున్నట్టు నురగలు కక్కుతూ మీదపడదు. ఫిబ్రవరి నెలలో, ఖాళీ వీధిలో, వణుకుతూ తూలుతూ నడిచి వస్తుంది. షెరీఫ్ హెక్ టేట్ తన తుపాకీ యాటికస్ చేతిలో పెడతాడు. ఒక్క గుండుతో అయిపోతుంది. జాతి విద్వేషం అని గైడ్ చెప్పింది పూర్తిగా తప్పని అనను. విద్వేషం కూడా ఊరికి పట్టిన జబ్బే, దానికి ఎదురు నిలబడేది ఈయనొక్కడే. చచ్చిన కుక్క కూడా బతికున్న కుక్కంత ప్రమాదమే అని, దాని దగ్గరికి వెళ్లొద్దని జెమ్‌ని యాటికస్ హెచ్చరిస్తాడు. ఆ మాట విద్వేషానికి బాగా అతుకుతుంది. కానీ అక్కడితో ఆగితే కుక్క మాయమైపోతుంది. టిమ్ జాన్సన్ నిర్దోషి, జబ్బు అది కావాలని తెచ్చుకున్నది కాదు. అయినా చంపక తప్పలేదు. హాని చెయ్యనిదాన్ని చంపడం పాపం అని చెప్పిన మనిషే, కొన్ని పేజీలు తిరిగేసరికి, ఏ పాపమూ ఎరగని జీవిని చంపాల్సి వచ్చింది. రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. నీ పేపర్‌కి ఇదొక్కటే చాలు.

అదే చోట ఇంకో చిన్న సంగతి ఉంది. కుక్క వస్తోందని చెప్పడానికి వంటమనిషి కల్పూర్నియా రాడ్లీల ముందు గుమ్మం బాదుతుంది. ఈమె వెనకవైపు నుంచి వెళ్లాలి కదా అంటుంది స్కౌట్. కల్పూర్నియా నల్లజాతి మనిషి, పిల్లల్ని అమ్మలా పెంచిన మనిషి. ఆ మాట అన్నది అభం శుభం తెలియని పిల్ల. ఊరి జబ్బు ఆ పసితనంలోకి అప్పటికే ఎంత దూరం వెళ్లిందో చూడు. పసితనాన్ని తెల్లకాగితంలా రాసే గైడ్లు ఈ వాక్యాన్ని దాటేస్తాయి.

తీర్పు రోజున స్కౌట్‌కి ఆ వీధే గుర్తొస్తుంది. నాన్న వీధిలోకి నడిచి, తుపాకీ భుజానికెత్తి, ట్రిగ్గర్ నొక్కుతున్నట్టు, కానీ తుపాకీలో గుండు లేదని తనకి ముందే తెలిసినట్టు ఉంటుంది. కోర్టు హాలు మాకింగ్ బర్డ్‌లు కూడా గొంతు విప్పని ఫిబ్రవరి చలి పొద్దులా ఉందంటుంది. ఫిబ్రవరి, అదే కుక్క వచ్చిన నెల. ఆ హాల్లో కావలసిన మాట నిర్దోషి. టామ్ ఎడమ చెయ్యి చిన్నప్పుడే పత్తి జిన్నింగ్ యంత్రంలో పడి పనికిరాకుండా పోయింది. మేయెల్లాకి దెబ్బలు మొహం కుడివైపు తగిలాయి. ఆమె తండ్రి బాబ్ యూయెల్‌ది ఎడమచేతివాటం. సాక్ష్యం ఇంత తేటగా ఉన్నా జ్యూరీ దోషి అంది. (యూయెల్‌కీ ఒక జంతువుంది. బోనెక్కేటప్పుడు పొట్టి కోడిపుంజులా ఉన్నాడంటుంది స్కౌట్. మన సంక్రాంతి బరిలో పుంజుని ఊహించుకోకు, అంత లేదు.)

తర్వాత టామ్ జైలు నుంచి పారిపోబోతే కాల్చి చంపారు. ఒంటి మీద పదిహేడు గుళ్లు. పిచ్చికుక్కకి ఒక్కటి సరిపోయింది.

ఊరి పత్రిక నడిపే అండర్‌వుడ్ ఆ చావుని, వేటగాళ్లూ పిల్లలూ పాటల పిట్టల్ని అర్థం లేకుండా చంపడంతో పోల్చి రాస్తాడు. ఆయనకి నల్లవాళ్లంటే పడదు, దగ్గరికి కూడా రానివ్వడు. అలాంటివాడికి కూడా పిట్ట అనుకోగానే గుండె కరిగింది. నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. టామ్ పొలాల్లో పనిచేసుకునే మనిషి, భార్య హెలెన్, ముగ్గురు పిల్లలు ఉన్నారు. బోనెక్కి నోరు విప్పి సాక్ష్యం చెప్పాడు. మేయెల్లాని చూస్తే జాలేసిందని అన్నాడు, అంతే, హాలంతా బిగుసుకుపోయింది. నల్లవాడు తెల్లదాని మీద జాలిపడడమా! జాలి పైనుంచి కిందికే పారాలన్నది ఆ ఊరి కట్టుబాటు. పిట్టకి ఆ ఇబ్బంది లేదు, అది ఎవరి మీదా జాలిపడదు, ఎదురు సాక్ష్యమూ చెప్పదు.

మనకి ఇది కొత్తేం కాదు. మన విశాఖలో పేపర్ తిరగెయ్యి. పాడేరు, అరకు వైపు ఏ మోసం జరిగినా ‘అమాయక గిరిజనులు’ అని రాస్తారు. భూమి పోగొట్టుకున్నవాడికి కావలసింది పట్టా, ఆఫీసులో అతని మాటకి ఒక విలువ. అమాయకుడు అన్న బిరుదు చేతిలో పెట్టేస్తే ఆ రెండూ ఇవ్వకపోయినా మనం మంచివాళ్లమన్న తృప్తి మిగిలిపోతుంది. మరి నాలుగు అక్షరాలు చదువుకుని, మాయామర్మం తెలిసిన గిరిజనుడు మోసపోతే? అప్పుడతను బ్లూ జే అయిపోతాడా?

చిన్న జంతువుల్నీ వదలకు. మొదటి అధ్యాయంలోనే తాబేలు ఉంది. బూని ఇంట్లోంచి బయటికి రప్పించడం ఎలా అని పిల్లలు మాట్లాడుకుంటుంటే, తాబేలు కింద అగ్గిపుల్ల గీసినట్టు అంటాడు జెమ్. అది ఘోరం అంటాడు స్నేహితుడు డిల్. తాబేళ్లకి నొప్పి తెలియదురా అంటే, నువ్వెప్పుడైనా తాబేలువా అని అడుగుతాడు. ఎదుటివాడి చర్మంలో దూరి తిరిగితే గానీ వాడు అర్థం కాడని యాటికస్ తర్వాతెప్పుడో చెబుతాడు. డిల్ ముందే అడిగేశాడు. మన సాగర్ నగర్ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి కదా. అటవీశాఖ వాళ్లు పిల్లల్ని సముద్రంలోకి వదిలే పొద్దున ఒకసారి వెళ్లు. ఒక పిల్లాడు తాబేలు పిల్లని అరచేతిలో ఎత్తుకోబోతుంటాడు, పక్కవాడు ‘వద్దురా, దానికి భయం’ అంటుంటాడు. జెమ్, డిల్ ఇద్దరూ నీకు అక్కడే కనబడతారు.

ఇరవై ఐదో అధ్యాయంలో ఇంకో పురుగు వస్తుంది. రోకలిబండలాగా ముట్టుకోగానే చుట్టుకుపోయే రకం. స్కౌట్ దాన్ని నలపబోతే జెమ్ ఆపుతాడు, అది నిన్నేం చెయ్యలేదుగా అని. తాబేలు కింద అగ్గిపుల్ల గీస్తానన్న జెమ్మే, తీర్పు విని వెక్కి వెక్కి ఏడ్చిన జెమ్మే. పసితనం పోయినచోట ఏం మొలిచిందో ఆ ఒక్క వాక్యంలో ఉంది. అదే అధ్యాయంలో టామ్ చనిపోయిన కబురు వినగానే హెలెన్ కూలిపోవడాన్ని డిల్ చూస్తాడు. చీమ మీద కాలు వేసినట్టు పడిపోయింది అంటాడు. పురుగు బతికింది, మనిషి చీమలా అయిపోయింది. రచయిత్రి ఈ రెండింటినీ కలిపి వ్యాఖ్యానం చెయ్యదు. నువ్వు కూడా ఎక్కువ చెయ్యకు, పక్కపక్కన పెట్టి వదిలెయ్యి.

చివరికి బూ. హాలోవీన్ అనే వేషాల పండగ రాత్రి యూయెల్ పిల్లల మీద కత్తితో పడతాడు. బూ వచ్చి వంటింటి కత్తితో అతన్ని చంపి పిల్లల్ని కాపాడతాడు. యూయెల్ తన కత్తి మీద తనే పడ్డాడని షెరీఫ్ తేల్చేస్తాడు. నిజం చెబితే ఊరి ఆడవాళ్లంతా కేకులు పట్టుకుని బూ తలుపు తడతారు, అంత సిగ్గరి మనిషిని వెలుగులోకి లాగడం పాపం అంటాడు. అప్పుడే స్కౌట్ అంటుంది, అది మాకింగ్ బర్డ్‌ని కాల్చినట్టే కదా అని. గమనించావా, ఇక్కడ ఎవరి చేతిలోనూ తుపాకీ లేదు. ప్రమాదం మెప్పు వల్ల. పైగా ఈ మాకింగ్ బర్డ్ చేతికి రక్తం ఉంది. మిస్ మాడీ లెక్కలో బూ పాసవడు. గూటి జోలికొస్తే పిల్లి మీద దూకే నిజం పిట్ట సంగతి మనసులో పెట్టుకోమన్నాను, అది ఇందుకే.

తాతయ్యగారి పాలపిట్ట కూడా ఇక్కడికే వచ్చి వాలుతుంది. దసరా రోజు ఊరి పొలిమేరకి వెళ్లి, తీగ మీద కనబడితే దండం పెట్టుకోవడం వరకు అందంగానే ఉంటుంది. కొన్నిచోట్ల ఏం చేస్తారంటే, పండక్కి ముందే వల వేసి పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి, దర్శనానికి డబ్బులు తీసుకుంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. డబ్బిచ్చి దండం పెట్టుకునేవాళ్లలో ఒక్కరు కూడా ఆ పిట్ట చెడు కోరరు. కేకులు పట్టుకొచ్చే మేకోంబ్ ఆడవాళ్లు కూడా అంతే.

ఇంకొక్క పేజీ చూపించి వదిలేస్తాను. ఇరవై ఎనిమిదో అధ్యాయం, ఆ దాడి జరగబోయే రాత్రి. జెమ్ చెల్లెలి వేషం మోసుకుంటూ నడుస్తుంటాడు. (వేషం ఏమిటో తెలుసా? పంది తొడ. దాని తీగల చట్రమే తర్వాత ఆ పిల్లని కత్తిపోటు నుంచి కాపాడుతుంది. జంతు ప్రతీకలు లెక్కపెట్టేవాళ్లు దీన్ని ఎందుకో మర్చిపోతారు.) రాడ్లీల చెట్టు మీద చీకట్లో ఒంటరి మాకింగ్ బర్డ్ ఒకటి పాడుతుంటుంది. దాని అలవాటు ప్రకారం ఒక పిట్ట గొంతు తర్వాత ఇంకో పిట్ట గొంతు పెడుతుంది. అందులో ఒకటి బ్లూ జే చిరాకు అరుపు. కాల్చుకోండి అన్న పిట్ట, కాల్చడం పాపం అన్న పిట్ట గొంతులోంచే పలుకుతోంది. చీకట్లో విన్నవాడు దేన్ని కాల్చాలి?

పేపర్‌లోకి ఇదంతా కుక్కకు. పదో అధ్యాయం తీసుకో, నియమమూ కుక్కా కలిపి చదువు. అక్కణ్ణించి టామ్ దగ్గరికి గానీ బూ దగ్గరికి గానీ వెళ్లు, ఇద్దరి దగ్గరికీ వెళ్తే టైమ్ చాలదు. టామ్‌ని తీసుకుంటే కేసు ఏమిటో సూటిగా చెప్పు, క్లాసులో అబ్బాయిలున్నారని నసగకు. ‘సింబల్’ అన్న మాట రెండుసార్లకు మించి రానివ్వకు. ఆదివారం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని నవలే చదువు, గైడ్ ఇంట్లో వదిలేసి వెళ్లు. కోయిల వాక్యం కొట్టెయ్యి.

తాతయ్యగారికి సాయంత్రం కాఫీ ఇచ్చాక ఆ ఇరవై ఎనిమిదో అధ్యాయం పేజీ తెలుగు చేసి వినిపించు. ఆయన ఏమన్నారో నాకు రాయి. మేడమ్ ఏమన్నారో తర్వాత రాద్దువుగాని.